ఉండడానికి సెలవు

మా ఆయన లండన్ నుంచి లీవు మీద వచ్చారని మా అత్త ఇప్పటికీ వీధిలో అందరికీ చెబుతుంది. మా పెళ్ళయి ఏడాది దాటిపోయింది. ఇన్నాళ్ళు లీవిచ్చే కంపెనీ ఎక్కడుందమ్మా అని ఆవిణ్ణి అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఒక్క ఎదురింటి మావుసికి తప్ప. మావుసి అంటే పిన్ని; ఆవిడ ఒడియా మనిషి, మా అత్త కంటే పెద్దది, నోట్లో మాట ఆగదు. "ఎతే దిన ఛుటీ?" అని బుగ్గ నొక్కుకుంటుంది, ఇన్ని రోజులు సెలవా అని. మా అత్త అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తూ, తలెత్తకుండా, "పెద్ద కంపెనీలకి పెద్ద లీవులుంటాయమ్మా" అని తెలుగులో జవాబిస్తుంది. ఇద్దరికీ రెండు భాషలూ వచ్చు. మామూలుగా అయితే మా అత్త ఒడియాలో, ఆవిడ తెలుగులో ఒకరినొకరు పలకరించుకుంటారు. ఒప్పుకోవడం ఇష్టం లేని సంగతి వచ్చిందంటే మాత్రం ఎవరి భాషలోకి వాళ్ళు వెళ్ళి తలుపేసుకుంటారు.

నిజానికి అది లండనూ కాదు, లీవూ కాదు. లండన్లో దిగాక రైలెక్కి ఇంకా పైకి పోవాలట, అక్కడొక చలి ఊరు. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు కాబట్టి లండన్ అనే అంటాం. అక్కడ మా ఆయన ఏడాది పాటు పెద్ద చదువు చదివారు. సరుకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఆలస్యం కాకుండా, పాడవకుండా ఎలా చేరాలి అన్న చదువు. మావయ్యకి బరంపురంలో ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్టు ఉంది. కొడుకు ఆ చదువు సంగతి చెప్పినప్పుడు ఆయన, "దానికి లండన్ దేనికిరా? లారీ ఆఫీసులో కూకుంటే ఆళ్ళే నేర్పుతారు" అన్నారట. అన్నారే గానీ పంపించారు. కొడుక్కి చిన్నప్పటి నుంచి మిరపకాయ పడదు. కొట్టు గుమ్మంలో అడుగు పెడితే తుమ్ములే తుమ్ములు. ఈ కొట్టు వీడి చేత కాదని ఆయనకి ఎప్పుడో తెలుసు.

మాది గిరిసోల. ఇటు ఒడిశా, అటు ఆంధ్ర, మధ్యలో మా నాన్న కిరాణా కొట్టు. రోజూ రైలెక్కి ఇచ్ఛాపురం వెళ్ళి అక్కడి తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత నాన్నతో పాటు కొట్లో కూర్చున్నాను. ఉప్పు ప్యాకెట్ కోసం వచ్చిన మనిషిని కూడా ఇంటి కబుర్లన్నీ అడిగి గానీ పంపేదాన్ని కాదు. నాన్న మిరపకాయలు మావయ్య దగ్గరే తెచ్చేవాడు. ఆ రాకపోకల్లోనే సంబంధం మాట వచ్చింది.

మొదటిసారి ఆయన్ని ఫోన్లో చూశాను, వీడియోలో. వంటింట్లో నిలబడి మాట్లాడారు. వెనక ఎవరో కుర్రాడు గుడ్లు కొడుతున్నాడు. నాకంటే ఆయనకే సిగ్గెక్కువగా ఉంది. చాలాసేపు ఏమీ తోచక, "ఇక్కడ చలి బాగా ఉంటాదండీ, మీకు అలవాటేనా?" అన్నారు.

"మా ఊళ్ళో చలి సూడాలంటే ఐసు డబ్బాలో సెయ్యి పెట్టాలండీ. పెట్టి సూసి సెప్తాను" అన్నాను.

ఆయన నవ్వారు. వెనక గుడ్లు కొట్టే కుర్రాడు కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే నేను ఒప్పేసుకున్నాను. అమ్మ ఆ వారంలోనే బరంపురం వెళ్ళి, రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేవాళ్ళ దగ్గర నాకు ఆకుపచ్చ స్వెటర్ ఒకటి కొనుక్కొచ్చింది. మా వాడకట్టు అంతటికీ చూపించింది కూడా.

ముహూర్తం చైత్రమాసం చివర్లో కుదిరింది. అది దాటితే మూఢం. శుక్రుడు కనబడని ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు కదా, దాని వెనకే ఆషాఢం. ఇంక శ్రావణం దాకా ఆగాలి. శ్రావణం అంటే మా నాన్నకి భయం, లండన్ సంబంధం అన్నాళ్ళు ఆగుతుందా అని. మా అత్తకి ఇంకో భయం, కొడుకు అన్నాళ్ళు ఆగితే అక్కడే ఎవతెనన్నా చూసుకుంటాడేమో అని. ఇద్దరి భయమూ కలిసి చైత్రానికే ఖాయం చేసింది.

అప్పటికి ఆయన చదువు అయిపోయి, ఫలితాలు వచ్చాయి. చదువు కోసం ఇచ్చిన వీసా ఇంక కొన్నాళ్ళలో అయిపోతుంది. చదువు పూర్తయిన వాళ్ళు అక్కడే రెండేళ్ళు ఉండి ఉద్యోగం చూసుకునే వీసా ఇంకొకటి ఉంటుందట. దానికి దరఖాస్తు పెట్టేశారు. ఇంటికి ఫోన్ చేసి ఆ సంగతే చెప్పారు. ఆ ఫోన్లో ఏం మాట్లాడుకున్నారో మా అత్త నాకు తర్వాత చెప్పింది.

"దరఖాస్తు పెట్టేసేను నాన్నా. జవాబు రావాలి."

"జవాబు ఎక్కడికొస్తాది?"

"మెయిల్లో వస్తాది."

"మెయిలంటే నీ ఫోన్లోకే కదా. ఫోను నీతోనే వస్తాది కదా. మరక్కడ కూకోడం దేనికిరా?"

దాంట్లో తప్పేముంది చెప్పండి? మా వైపు ఏ కాగితమైనా అంతే. గ్యాస్‌కైనా, రేషన్ కార్డుకైనా దరఖాస్తు పెట్టి, రసీదు జేబులో వేసుకుని ఇంటికొచ్చి పడుకుంటాం. మంజూరయ్యే దాకా ఆఫీసు గుమ్మంలో నిలబడమని ఎవరూ అనరు. ఆయనకీ అదే సబబుగా తోచింది. టికెట్ కొనేసుకున్నారు.

పెళ్ళి బాగా జరిగింది. మా వాళ్ళూ వాళ్ళ వాళ్ళూ మాగాయ గురించి తప్ప దేని గురించీ పోట్లాడుకోలేదు. బరంపురంలో అత్తవారి గుమ్మం దగ్గర బియ్యం కుంచం పెట్టారు, నేను కాలితో తన్ని లోపలికెళ్ళాను. మనుగుడుపులకి మళ్ళీ మా గిరిసోల వచ్చాం.

మా ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు. ఫోన్ చూసుకోవడానికి ఆయన సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే, అమ్మ వేసిన పకోడీలు పేపర్లో చుట్టుకుని నేనే వెళ్ళాను. కొత్త పెళ్ళికూతురు ఒక్కతే ప్లాట్‌ఫారం మీదికి పోతోందని టీ కొట్టు అతను నవ్వాడు. ఆయన చివరి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఫోను చేతిలోనే ఉంది, చూడట్లేదు.

"ఏటయ్యిందండీ?"

"లీవు అయిపోయింది" అన్నారు.

"అప్పుడేనా? ఇంకా ఉందన్నారు కదా. ఫోన్ సేసి పెంచమనండి. పెళ్ళయ్యిందని సెప్పండి, ఎవులైనా ఇస్తారు."

ఆయన నా వైపు చూశారు. నవ్వబోయి ఆగిపోయారు.

"ఆ లీవు కాదు. ఆళ్ళ కాగితాల్లో వీసాని లీవంటారు. ఉండడానికి లీవు."

"ఉండడానికి లీవేటండీ? ఎల్లడానికి కదా లీవు?"

"మనకి ఎల్లడానికి. ఆళ్ళకి ఉండడానికి."

అప్పుడు మెల్లగా చెప్పారు, మెయిల్ వచ్చిందని. దరఖాస్తు పెట్టాక జవాబు వచ్చే దాకా ఆ దేశం దాటకూడదట. దాటితే అడిగింది మనమే వెనక్కి తీసుకున్నట్టట. పాత వీసా రోజులు చూస్తే నిన్నటితో అయిపోయాయి. కొత్తది అడగాలంటే అక్కడే ఉండి అడగాలి. అక్కడికి వెళ్ళాలంటే ఏదో ఒక వీసా ఉండాలి.

"మరి ఆ మాట ముందే సెప్పాలి కదా ఆళ్ళు?"

"సెప్పేరు. దరఖాస్తులోనే రాసుంది. నేనే గబగబా కిందికి తోసుకుంటూ పోయేను."

గూడ్సు బండి ఒకటి వచ్చింది. అది పోయే దాకా మాట్లాడ్డానికి లేదు. పెట్టెలు పోతూనే ఉన్నాయి. ఆ చప్పుట్లో నాకు ఒక్కటే తోచింది, ఈయన గడప దాటింది నన్ను చేసుకోవడానికే కదా అని. పకోడీలు అలాగే చల్లారిపోయాయి. తెచ్చినందుకు ఒకటి తినండి అంటే, ఒకటి తీసుకుని చేతిలో పట్టుకున్నారు.

మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళడానికి మావయ్య వచ్చారు. సంగతి ఇంకా ఆయనకి తెలీదు, మా నాన్నకీ తెలీదు. భోజనాలయ్యాక మావయ్య కండువా సర్దుకుని లేచి, మా నాన్నతో, "మరి సెలవిప్పించండి బావగారూ" అన్నారు. నాన్న, "ఉండండి బావగారూ, అప్పుడే ఏటి తొందర?" అన్నాడు. మామూలుగా ఎవరింట్లోనైనా అనుకునే మాటలే. మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇళ్ళల్లో వెళ్ళడానికి సెలవు అడిగితే ఉండమంటారు. అదేమిటో, నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. పుట్టిల్లు వదిలి వెళ్తున్నానని ఏడుస్తున్నాననుకుని అమ్మ కూడా మొదలుపెట్టింది.

బరంపురంలో మావయ్య కొట్టు మూసి ఇంటికొచ్చాక మా ఆయన చెప్పారు. మావయ్యకి కోపం వచ్చింది. కొడుకు మీద కాదు, ఆ పద్ధతి మీద.

"మన కొట్లో ఒకడు బేరం ఆడి, బస్తా పక్కన పెట్టించి, టీ తాగి రావడానికెల్తాడు. ఆడు గుమ్మం దాటేడని బస్తా ఇంకోడికి అమ్మేస్తామేటిరా? పేరు రాసి పెడతాం కదా! టీ తాగనివ్వరేటి ఆళ్ళు?"

"నేను తాగింది టీ కాదు నాన్నా, పెళ్ళి సేసుకున్నాను."

"అదే, మరీ మంచిది కదా!"

మా అత్త లోపలి నుంచి విన్నది ఒక్క మాటే, లీవు అయిపోయిందని. ఆవిడకి తెలిసిన లీవు ఒక్కటే. తర్వాత మా ఆయన అంతా విడమరిచి చెప్పారు. విన్నది, అర్థమైంది కూడా. కానీ ఆ రెండో లీవుని ఆవిడ గుమ్మం దాటనివ్వలేదు. వీధిలోకి ఎప్పటికీ మొదటి లీవే వెళ్ళింది.

నన్ను ఆవిడ ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం మావుసితో ఎండలో కూర్చుని, నాకు వినబడేలాగే, "ఆ జనంలో నాను సరిగ్గా సూణ్ణేదు గానీ, కుంచం ఎడం కాలితో తన్నిందో ఏటో" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి గరిటెతో గిన్నెని కొట్టినట్టు కలిపాను, అంతే చెయ్యగలిగాను. నాకే తెలీదు మరి. ఆ వేళ కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకున్నానా?

సాయంత్రం మావయ్య కొట్టు నుంచి వచ్చి టీవీకి పెళ్ళి వీడియో పెట్టించారు. ఆ మాట ఆయన చెవిన ఎలా పడిందో నాకు తెలీదు. గుమ్మం దగ్గరికి వచ్చే దాకా ముందుకు తోయించి, అక్కడ ఆపించారు. "ఇలా రావే" అని మా అత్తని పిలిచారు. "సూడు. ఏ కాలది?"

మా అత్త కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికెళ్ళింది. "కుడి కాలే" అంది.

"మళ్ళీ సూడు."

"కుడి కాలేనండీ బాబూ, సూసేను కదా. ఆ పట్టుచీర కుచ్చిళ్ళు సూడు ఎంత బాగా పడ్డాయో" అంది. ఆ తర్వాత కాలి మాట మళ్ళీ రాలేదు. మావయ్య అంటే నాకు ప్రాణం అప్పటి నుంచే.

కానీ కుడికాలైతే మాత్రం ఏమైంది? నెట్ కొట్లోనే ఉండేది కాబట్టి మా ఆయన కొట్టు వెనక, బస్తాల మధ్య, ముక్కుకి రుమాలు కట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. మధ్యాహ్నం టీ తీసుకెళ్ళి నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఏంటది, ఎందుకలా అని ప్రాణం తీసి అడిగేదాన్ని. అలా అడిగి అడిగి నాకూ కొంత తెలిసింది. ఇంక తిరిగి వెళ్ళాలంటే అక్కడి కంపెనీయే ఒకటి, ఈ మనిషి మాకు కావాలి అని ప్రభుత్వానికి పూచీ పడాలట. దాన్ని స్పాన్సర్ చెయ్యడం అంటారు. ఏ ఉద్యోగానికి పెట్టినా ఒక ప్రశ్న ఉంటుంది, మీకు స్పాన్సర్ కావాలా అని. ఆయన అవును అని నొక్కుతారు. కాసేపటికో, రెండ్రోజులకో, చింతిస్తున్నాం అని మెయిల్ వస్తుంది.

"ఒక్కసారి అక్కర్లేదని నొక్కండి" అన్నాను.

"పిలిచి అడిగితే?"

"అప్పుడు సెప్దాం."

"అప్పుడు సెప్తే ఫోన్ పెట్టేస్తారు."

"పెట్టేస్తే పెట్టేసేరు, పిలిచినట్టైనా ఉంటాది కదండీ!"

ఆయన రుమాలు వెనక నవ్వారని కళ్ళని బట్టి తెలిసింది. కానీ అవుననే నొక్కారు.

ఒక కంపెనీ నిజంగానే పిలిచింది. ఇంటర్వ్యూ వీడియోలో. పైన చొక్కా, టై, కింద లుంగీ. వెనక బస్తాలు కనబడకుండా నా పెళ్ళి దుప్పటి కట్టాం. కొట్లో ఆ గంటసేపు తూకం ఆపించారు మావయ్య, దుమ్ము లేస్తుందని. ఆయన ఒక్కసారే తుమ్మారు. అవతల అమ్మాయి "బ్లెస్ యూ" అందట. బాగా జరిగిందని అందరం అనుకున్నాం. వారం తర్వాత మెయిల్. మీరు నచ్చారు, కానీ స్పాన్సర్ చెయ్యాలంటే జీతం ఇంతకు పైనే ఉండాలని ప్రభుత్వం రూలు, కొత్తగా చేరే మనిషికి అంత ఇవ్వలేం అని.

"తక్కువైనా పర్లేదని సెప్పండి" అన్నాను.

"నేను తక్కువకి ఒప్పుకున్నా ప్రభుత్వం ఒప్పుకోదు."

మావయ్య త్రాసు దగ్గర నుంచి లేచి వచ్చారు. "తగ్గించుకుంటానంటే తీసుకోరా? ఇదేం బేరంరా! నా జన్మలో ఇన్నేదు" అన్నారు. పుట్టినప్పటి నుంచి తగ్గిస్తావా తగ్గిస్తావా అనే మాట మీద బతికిన మనుషులం మేం. తగ్గిస్తానన్నా కుదరదు అంటే ఇంక మా దగ్గర వేరే మాట లేదు.

పేరున్న పెద్ద యూనివర్సిటీల్లో చదివిన వాళ్ళకి కంపెనీతో పని లేకుండా వెళ్ళే దారి ఒకటుంది. ఈయన చదివింది ఆ పేర్లలో లేదు. జర్మనీ అన్నారు ఎవరో. దానికి భాష వస్తే మంచిదట. కొన్నాళ్ళు మా ఆయన ఫోన్లో ఆ భాష పలుకుతూ మిరపకాయలు జల్లెడ పట్టారు. హమాలీలు, బాబు మంత్రం జపిస్తున్నాడనుకున్నారు. బస్టాండు దగ్గర మేడ మీద విదేశాలకి పంపే ఆఫీసు ఉంటే నేనూ వెంట వెళ్ళాను. అక్కడి ఆయన గోడ మీది జెండాలు చూపించి, ఇంకో దేశంలో ఇంకో చదువు చదవండి, అదొక్కటే సులువు అన్నాడు. ఇంటికొచ్చి చెబితే మావయ్య ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే కుదరదని అర్థం.

ఇంక మిగిలింది ఒక్కటే. అది నాకు పెళ్ళయిన రెండో ఏడు వానలు మొదలైన రోజుల్లో తెలిసింది.

డాబా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మబ్బు పట్టింది. నేనూ ఆయనా పరుగెత్తుకెళ్ళి బస్తాల్లోకి ఎత్తుతున్నాం. చినుకులు పడుతున్నాయి, ఆయన తుమ్ముతున్నారు, ఎత్తుతున్నారు. అంతా మెట్ల గదిలోకి లాగేశాక, ఇద్దరం బస్తాల మీద కూలబడ్డాం. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఘాటుకి. అప్పుడు చెప్పారు.

"ఇంకోటుంది. లండనోళ్ళదే, లాటరీ లాగ. మన దేశంలో సదువుకున్న కుర్రాళ్ళ పేర్లు ఏసుకుని, కొన్ని తీస్తారు. తగిలితే రెండేళ్ళు ఉండి ఏ ఉద్యోగమైనా సేసుకోవచ్చు. ముప్పై దాటకూడదు. నాకు ఇదే ఆఖరు."

"ఎయ్యండి మరి! ఇన్నాళ్ళు ఎందుకు ఎయ్యలేదు?"

"ఏసేను. రెండుసార్లు. తగల్లేదు."

"నాకు సెప్పలేదేటండీ?"

"తగిలితే సెప్దామని." చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుని, "దాని మీద పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి ఉండదు" అన్నారు.

వాన డాబా మీద దబదబా కురుస్తోంది. రెండుసార్లు ఆయన నాకు చెప్పకుండా ఎదురు చూశారు. తగిలి ఉంటే అప్పుడు చెప్పేవారన్న మాట, పెట్టె సర్దుకుంటూ. మళ్ళీ ఆ ఎర్రటి కళ్ళు చూస్తే, ఈ మనిషి జన్మంతా ఈ ఘాటులో కూర్చోవాలా అనిపించింది. ఎటు కోరుకోను? తగలాలంటే నేను ఉండిపోవాలి. తగలకూడదంటే ఆయన ఉండిపోవాలి.

"రెండేళ్ళలో అక్కడ ఏ కంపెనీ అయినా స్పాన్సర్ సేస్తే, అప్పుడు నువ్వు రావచ్చు" అన్నారు.

"సేస్తే" అన్నాను.

"సేస్తే."

"ఎయ్యండి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. అనేశాను, అంతే.

మా అత్తకి లాటరీ అంటే ఒళ్ళు మంట. వాళ్ళ తమ్ముడొకడు అందులో పాడైపోయాడట. "నా కొడుకు జూదం ఆడతాడేటి?" అంది. మా ఆయన, "జూదం కాదమ్మా, డబ్బు కట్టక్కర్లేదు, దేవుడి దగ్గర పువ్వులు పెట్టి అడుగుతాం కదా, అలాంటిదే" అన్నారు. ఆ మాటతో ఆవిడ మొహం విప్పారింది. మా ఇళ్ళల్లో ఏదీ తేలనప్పుడు, తెల్ల పువ్వొకటి ఎర్ర పువ్వొకటి కాగితాల్లో పొట్లం కట్టి దేవుడి ముందు పెట్టి, ఒకరి చేత తీయిస్తాం. "లండన్లో కూడా పువ్వులు తీస్తారేటి?" అని ఆశ్చర్యపడింది. "ఆళ్ళు కంప్యూటర్లో తీస్తారు." "అదే, కంప్యూటర్ పువ్వులు" అంది.

ఆయన పేరు వేసిన రోజునే ఆవిడ తలంటుకుని, నందివర్ధనం ఒకటి, మందారం ఒకటి పొట్లాలు కట్టి దేవుడి మందిరంలో పెట్టి నన్ను పిలిచింది.

"తెల్లదొస్తే ఎల్తాడు. ఎర్రదొస్తే ఉంటాడు. దణ్ణం పెట్టుకుని తియ్యమ్మా."

"నేనెందుకత్తా? మీరు తియ్యండి."

"కోడలే తియ్యాల. ఇంటి లచ్చివి కదా."

కళ్ళు మూసుకున్నాను. ఏ రంగు రావాలని దణ్ణం పెట్టుకోవాలో తెలీక ఉత్తినే దణ్ణం పెట్టాను. చేతికి తగిలింది తీశాను. మందారం.

నా గుండె ఒక్కసారి తేలికైంది. వెంటనే భయం వేసింది, నా మొహంలో అది కనబడిందేమో అని. మా అత్త నా మొహం చూడనే లేదు. పువ్వునే చూసి, పెదవి విరిచి, "పొట్లం సరిగ్గా కట్నేదు నాను. ఒకేపు ఉబ్బుగా ఉండిపోనాది. మళ్ళీ తియ్యి" అంది.

మళ్ళీ తీశాను. మళ్ళీ మందారమే.

"గంట కొట్నేదు మనం. దేవుడికి ఇనబడాల కదా." గంట కొట్టింది. "తియ్యి."

ఈసారి నందివర్ధనం. "అదీ!" అని చప్పున రెండు పువ్వులూ తీసేసుకుని, తెల్లది నా జడలో తురిమింది, ఎర్రది దేవుడి కాళ్ళ దగ్గర పెట్టేసింది. సాయంత్రం మావుసికి పంచదార పెట్టింది. దేనికో చెప్పలేదు.

ఆ రాత్రి బీరువాలోంచి నా ఆకుపచ్చ స్వెటర్ తీసి ఆయనకి పట్టి చూశాను. చేతులు పొట్టి. నాకు కొన్నది ఆయనకెలా సరిపోతుంది? మళ్ళీ కలరా ఉండలు వేసి పెట్టేశాను.

తర్వాత రోజుల్లో ఇంట్లో అందరం ఫోను చప్పుడికి ఉలిక్కిపడటమే. గ్యాస్ బుక్ అయిందన్న మెసేజ్‌కి కూడా మా అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. మెయిల్ ఒక మధ్యాహ్నం కొట్లోనే వచ్చింది. నేను టీ గ్లాసుతో పక్కనే ఉన్నాను. ఆయన చదివారు. ఈసారి గబగబా తోసుకుంటూ పోలేదు, ఒక్కొక్క లైనూ చదివారు, కింద ఉన్న సన్నటి అక్షరాలు కూడా. చదివి ఫోను బస్తా మీద పెట్టారు. ఆయన తల అడ్డంగా ఊపారు.

నాకు సంతోషం వేస్తుందనుకున్నాను. నిజం చెబుతున్నాను, కొంచెమైనా వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. ఆయన రుమాలు విప్పి మొహం తుడుచుకుంటే, ఆ రుమాలుకున్న కారం కళ్ళలో పడింది. గబగబా నీళ్ళు తెచ్చి పోశాను. ఏడుస్తున్నారో, మండుతున్నాయో తెలీలేదు. ఊరికే నీళ్ళు పోస్తూనే ఉన్నాను.

మావయ్య త్రాసు దగ్గర నుంచి అంతా చూశారు. తూకానికి వచ్చిన మనిషిని, "రేపు రా బాబూ" అని పంపేశారు. అంతకు ముందెప్పుడూ ఆయన అలా పంపగా నేను చూడలేదు.

ఇంటికొచ్చాక మా అత్తకి మా ఆయనే చెప్పారు. "పేరు రాలేదమ్మా."

"మళ్ళీ తియ్యమను" అంది ఆవిడ.

"అలా తియ్యరమ్మా."

"ఎందుకు తియ్యరు? ఒకసారి రాకపోతే మళ్ళీ తియ్యాల. గంట కొట్టేరో నేదో ఎవులికి తెల్సు?"

"మళ్ళీసారికి నాకు ముప్పై ఒకటి వచ్చేస్తాయి. ఇంక నా పేరు ఎయ్యడానికి ఉండదు."

ఆవిడ కాసేపు కొడుకు మొహంలోకి చూస్తూ నిలబడింది. అప్పుడెప్పుడో టీవీలో నా కాలు చూసినంత దగ్గరగా చూసింది. చేటలో మిరపకాయలు పోసుకుని అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చుని తొడిమలు తియ్యడం మొదలుపెట్టాను.

ఎదురింటి మావుసి ఎప్పటిలాగే గుమ్మంలోకి వచ్చింది. ఆవిడకి ఏం తెలుస్తుంది పాపం. "పుఅ కేబే జిబొ?" అని అడిగింది, కొడుకు ఎప్పుడు వెళ్తాడని.

మా అత్త తల ఎత్తింది. తెలుగులోకి వెళ్ళి తలుపేసుకుంటుందనుకున్నాను. లేదు. ఈసారి ఒడియాలోనే, మావుసికి బాగా అర్థమయ్యేలా చెప్పింది.

"ఛుటి బఢేఇ దేలే."

సెలవు పెంచారు అని.

మావుసి "భల హేలా" అంది, మంచిదే కదా అని. లోపలి గదిలోంచి ఆయన తుమ్ము వినబడింది. మా అత్త చేట నా వైపు జరిపి, "ఎల్లి కిటికీ ముయ్యే, ఘాటు లోపలికెల్తన్నాది" అంది.